వావిళ్లవారి అచ్చుకూటము – నాగరత్నమ్మగారి మందిరము

తమిళనాట తెలుగువారి చరిత్రమనగానే రాజుల పేళ్లు చెప్పుకొనుట మనకు వాడుకయై పోయినది. రాయవేలూరి కోట, జలకంఠేశ్వరుని కల్యాణమండపము, చిన్నబొమ్మనాయకుడు, ఆయన యాశ్రయమున నుండిన అప్పయ్యదీక్షితులు, అరవీటి రాయల కడపటి దినములు – మన సభలలో ఏ యుపన్యాసకుడు లేచినను ఇవియే వినవచ్చును. ఇందు తప్పేమియు లేదు. కాని కోటలు పరహస్తగతములై ఆస్థానములు మూతపడిన పిదప తెలుగు పుస్తకమును, తెలుగు పాటను ఈ సీమలో బ్రదికించిన వారెవరు? రాజులు కారు, ప్రభుత్వము కాదు. చెన్నపురిలో ఒక అచ్చుకూటమువారు, కావేరి యొడ్డున ఒక దేవదాసి – వీరిద్దరి చరిత్రలును ఒకచోట ముడిపడియున్నవి. ఆ ముడిని విప్పి చూపుటయే ఈ వ్యాసమున నా పని.

గుడియాత్తమున మగ్గము లాడిన పాత యిండ్ల అటకలమీదను, వేలూరిలో వైదికుల యిండ్ల పెట్టెలలోను నేను చూచిన తెలుగు పుస్తకములలో ముఖపత్రము చినుగక మిగిలినవి తీసి చూచినచో, తరచుగా అడుగున నుండు పంక్తి యొక్కటే: ‘వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్, చెన్నపురి.’ భారతము, శతకములు, అమరము, రఘువంశము, వ్రతకల్పములు – ఏది తీసినను ఆ పేరే. బడిలో చదువుకొనని వారుకూడ ‘వావిళ్లవారి ప్రతి యున్నదా?’ యని యడుగుట నేను వినియున్నాను. ప్రతి యనగా ప్రమాణమని వారి యభిప్రాయము.

ఈ అచ్చుకూటమును నెలకొల్పినవారు వావిళ్ల రామస్వామిశాస్త్రులవారు. తెలుగున అచ్చు పుట్టుక మతబోధకుల చేతిలో జరిగినది. బెంజమిన్ షుల్ట్జ్ అను జర్మను పాదిరి 18వ శతాబ్ది నడుమ హాలె పట్టణమున తెలుగు పుస్తకములు ముద్రింపించెను. పిదప శ్రీరామపురపు క్రైస్తవ సంఘమువారును, 1812లో నేర్పడిన చెన్నపురి సెంటుజార్జి కోట కళాశాలవారును ఆ పని సాగించిరి. మొదటివారి యుద్దేశము బోధ, తరువాతివారి యుద్దేశము దొరతనపు కొలువునకు వచ్చు యువకులకు భాష నేర్పుట. పండితుడు తన సొంత పూనికతో, తనవారు చదువుకొనుటకై అచ్చుకూటము పెట్టుట అటుపిమ్మటి మాట. శాస్త్రులవారు 1854లో చెన్నపురిలో ముద్రణాలయమును స్థాపించిరి. అది ‘ఆదిసరస్వతీనిలయ’మను పేరున ప్రసిద్ధి గాంచినది. ఆయన 1891లో గతించిరి. కుమారుడు వేంకటేశ్వరశాస్త్రులవారు అప్పటికి పసివాడు. పెద్దవాడైన పిదప, ఇరువదవ శతాబ్ది మొదటి దశకమున, ఆయన వ్యాపారమును చేతికి దీసికొని, తండ్రి పేరు సంస్థకు బెట్టి, అర్ధశతాబ్దము నడపిరి.

ఆ కాలమున తెలుగు పుస్తకము నచ్చొత్తుట యెట్టి పనియో నేటివారికి దోచదు. ఇంగ్లీషునకు చాలిన అరలు తెలుగునకు జాలవు. అక్షరమునకు తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వము; వానిక్రింద ఒత్తు; ఒత్తుక్రింద మరియొక యొత్తు. ఇట్లు కొన్ని వందల సీసపు అచ్చులను వేర్వేరు గళ్లలో నుంచుకొని, ఒక్కొక్కదానిని వ్రేళ్లతో నేరి, తిరుగబడిన రూపమున పంక్తిగా గూర్పవలెను. ఒక పేజి కూర్చినవాడు తప్పు చేయక మానడు. ఆ తప్పును పట్టవలసినవాడు ఛందస్సు, వ్యాకరణము తెలిసిన పండితుడు కావలెను. యతి తప్పినచో అది కవి తప్పో, లేఖకుని తప్పో, అచ్చుకూర్చువాని తప్పో తేల్చవలెను. తాళపత్రమునకును చదువరికిని నడుమ ఇందరు మనుష్యు లుండిరి. వారి పేళ్లు ముఖపత్రముల కెక్కలేదు. ఈ ఖర్చంతయు ప్రధానముగా పుస్తకములు విక్రయించి రాబట్టుకొనవలసినదే. వావిళ్లవారు సంస్కృతగ్రంథములను తెలుగు లిపిలో అచ్చొత్తుట మనవంటి పరభాషాసీమలోని వారికి మహోపకార మైనది. దేవనాగరి రాని గృహస్థుడు తెలుగక్షరములలో కాళిదాసును జదువగలిగెను.

ఇక పాట. దీనికి మనయూరినుండియే త్రోవ యున్నది. వేలూరికి తూర్పున పాలారు దాపున వాలాజాపేట యను నూరు గలదు. 2019లో జిల్లాలు విభాగింపబడినప్పటినుండి అది రాణిపేట జిల్లాలోనిది. అచ్చట పట్టునేత సౌరాష్ట్ర కులమువారిలో వేంకటరమణ భాగవతులు (1781–1874) నివసించిరి. ఈయన త్యాగరాజస్వామికి సాక్షాచ్ఛిష్యులు. గురువు పాడిన కృతులను వ్రాసికొని భద్రపరచిరి. గురువు చరిత్రమును గూర్చి తాము కొంతయు, కుమారుడు కృష్ణస్వామి భాగవతులు కొంతయు వ్రాసిరి. ఆ వ్రాతప్రతులు నేడు మధురలోని సౌరాష్ట్రసభవారి యొద్ద నున్నవి. త్యాగరాజస్వామి 1847 జనవరి 6వ తేదీన సిద్ధిపొందిరి. ఆయన కృతులు మనవరకు వచ్చిన త్రోవలలో ముఖ్యమైన దొకటి మన పాలారు లోయలోని నేతగాండ్ర వీధినుండి సాగినదని మనలో నెందరికి దెలియును? నేత యూరైన గుడియాత్తమువారి కీ సంగతి చెప్పినప్పుడు వారి ముఖములందు నేను చూచిన సంతోషము, కోట గూర్చి చెప్పినప్పు డెన్నడును చూడలేదు.

ఈ కృష్ణస్వామి భాగవతుల శిష్యుడు మునుస్వామప్ప బెంగుళూరిలో సంగీతము నేర్పుచుండెను. ఆయనయొద్ద నేర్చినవారిలో ఒక బాలిక కలదు. ఆమెయే పిమ్మట బెంగుళూరు నాగరత్నమ్మ యని ప్రఖ్యాతి గాంచినది.

నాగరత్నమ్మగారు 1878 నవంబరు 3వ తేదీన మైసూరు సీమలోని నంజనగూడున దేవదాసికుటుంబమున జన్మించిరి. తల్లి పుట్టలక్ష్మమ్మ. చిన్నతనముననే సంస్కృతము, కన్నడము, తెలుగు, సంగీతము, నాట్యము నేర్చిరి. తల్లి గతించిన పిదప బెంగుళూరిలో పేరుపొంది, చెన్నపురికి వచ్చి, కచేరీలు చేసి ధనమును, ఇల్లును, ఆభరణములను సంపాదించిరి. పాటకురాండ్రు చెన్నపురిలో నాడు పెక్కుమంది యుండిరి. కాని నాగరత్నమ్మగారికి పుస్తకముల పిచ్చి యుండెను. తంజావూరి సాహిత్యమును గూర్చి చదువుచు ఆమె ముద్దుపళని పేరు చూచిరి.

ముద్దుపళని తంజావూరి మహారాష్ట్రరాజగు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమున నుండిన కవయిత్రి, దేవదాసి. రాధికాసాంత్వనమను నాలుగాశ్వాసముల శృంగారప్రబంధమును 584 పద్యములలో రచించినది. తాను పెంచిన ఇళను కృష్ణునకిచ్చి పెండ్లిచేసిన రాధ, పిదప తానే ఆ యెడబాటును సహింపజాలక యలుగుటయు, కృష్ణుడు వచ్చి యామెను ఊరడించుటయు ఇందలి కథ. ఆండాళ్ తమిళమున పాడిన తిరుప్పావైని తెలుగుచేసినదియు నీమెయే. ఈ సంగతిని తమిళ తెలుగు వివాదములు చేయువారు గమనింపవలెను. ఆమె పీఠికలో తన కులమును చెప్పుకొన్న తీరు విలక్షణము: ప్రబంధకవులు తాతముత్తాతలను కీర్తించినచోట ఈమె తన అవ్వ తంజనాయకి మొదలగు స్త్రీలను కీర్తించినది.

ఈ గ్రంథము 1887లో పైడిపాటి వేంకటనరసుగారిచే మొదట అచ్చుపడినది. ఆయన సి.పి. బ్రౌను దొరతో పరిచయముగల పండితుడు. 1907లో మరల ముద్రితమైనది. కాని ఆ ముద్రణమున పీఠిక లేదు. కొన్ని పద్యములును లేవు. రచించినది దేవదాసి యని తెలియజేయు భాగమే పోయినది. నాగరత్నమ్మగారు ఆ ప్రతిని చూచి తృప్తిపడక, వ్రాతప్రతి సంపాదించి, పోల్చి, లోపించిన వానిని చేర్చి, తమ పీఠికతో 1910లో వావిళ్లవారిచే ప్రచురింపజేసిరి. అచ్చుకూటమును, గాయకురాలును కలిసికొన్న చోటిది.

ఆ పీఠికలో ఆమె కందుకూరి వీరేశలింగంపంతులుగారిని ఎదిరించిరి. పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున ముద్దుపళని పాండిత్యము నొప్పుకొనుచునే, ఆమె రచనలో ఆడువారు చెప్పుటకు గాని వినుటకు గాని తగని భాగములున్నవని నిందించియుండిరి. నాగరత్నమ్మగారి ప్రశ్న సూటియైనది: సిగ్గు ఆడువారికే గాని మగవారికి లేదా? ఇంతకన్న మిక్కుటమైన శృంగారము పురుషకవులు వ్రాసినప్పుడు దానిని మెచ్చి పాఠ్యములుగా నుంచుట యెట్లు న్యాయము? వైజయంతీవిలాసమును ఆమె దృష్టాంతముగా జూపిరి. పంతులుగారియెడ నాకుగల గౌరవము కొద్దిది కాదు. వితంతువులకొరకు ఆయన పడిన పాట్లు పాఠము చెప్పునపుడు ఇప్పటికిని నా గొంతు పట్టును. అయినను ఈ వాదమున న్యాయము నాగరత్నమ్మగారి పక్షముననే యున్నదని చెప్పక తప్పదు. స్త్రీల నుద్ధరింప బూనిన మహనీయుడు స్త్రీ రచించిన గ్రంథముమీద ఆ తూనికనే వేయలేకపోయెను.

వాదము వాదముగా నుండిన బాగుండెడిది. శశిరేఖ యను పత్రికలో విమర్శ వెలువడెను. దొరతనమువారు తమ భాషాంతరీకరణాధికారియగు గోటేటి కనకరాజుపంతులుగారిచే కొన్ని పద్యములను ఇంగ్లీషు చేయించి చూచి, గ్రంథము అశ్లీలమని తేల్చిరి. 1911లో పోలీసు కమిషనరు కన్నింగుహాము ప్రతులను స్వాధీనపరచుకొనెను. వావిళ్లవారు ప్రచురించిన మరికొన్ని ప్రబంధములకును ఆ గతియే పట్టినది. వేంకటేశ్వరశాస్త్రులవారు మహజరు పంపుకొనిరి. పండితులును వారికి తోడుపడిరి. ఫలము లేకపోయెను. ఏ పద్యమును రచనగా చదువక, ముక్కలుగా కోసి, పరభాషలోనికి మార్చి తీర్పు చెప్పినచో ఏ ప్రబంధము మిగులును? మన ఉత్తరార్కాటు మండలము రెండుగా జీలి, చిత్తూరు వేరు మండలమై, వేలూరు ఉత్తరార్కాటునకు ముఖ్యపట్టణమైనదియు ఆ 1911వ సంవత్సరముననే. ఆ యేట తెలుగువారి భూమిపై నొక గీత పడినది, తెలుగువారి పుస్తకముపై నొక గీత పడినది. మొదటిదానిని గూర్చి మన పెద్దలు చాల మాటలాడిరి.

వ్యాపారమే పరమార్థమైనచో శాస్త్రులవారు ఆ దెబ్బతో ప్రబంధములను మాని శతకములు, పంచాంగములు అచ్చువేసికొని సుఖముగా నుండవచ్చును. ఆయన అట్లు చేయలేదు. ప్రాచీన కావ్యములను టీకాతాత్పర్యములతో ప్రకటించు పని సాగించుచునే వచ్చిరి. త్రిలింగ యను తెలుగు పత్రికయు నడపిరి.

నాగరత్నమ్మగారి దృష్టి పుస్తకమునుండి మందిరమునకు మరలినది. ఆమె గురుస్థానీయుడగు బిడారం కృష్ణప్ప తిరువయ్యారునకు బోయి, త్యాగరాజస్వామి సమాధి ముండ్లపొదలనడుమ దిక్కులేక యుండుట చూచి యామెకు జాబు వ్రాసెను. అంతకుముందు శిష్యపరంపరలోని ఉమయాళ్పురపు భాగవతులు కొంత జీర్ణోద్ధారము గావించియుండిరి గాని, అది నిలువలేదు. జాబు చూచిన నాగరత్నమ్మగారు చెన్నపురినుండి బయలుదేరి వచ్చి, ఆ నేలను సంపాదించి, 1921 అక్టోబరు 27వ తేదీన మందిరమునకు శంకుస్థాపన చేయించిరి. నగలు అమ్మిరి. కచేరీలలో వచ్చిన ధనమంతయు అందే పోసిరి. త్యాగరాజస్వామి విగ్రహమును చెక్కించి ప్రతిష్ఠింపించిరి. 1925 జనవరి 7వ తేదీన కుంభాభిషేకము జరిగినది.

ఇచ్చట వినువారికి నవ్వును, దుఃఖమును గలిగించు సంగతి యొకటి యున్నది. తిరువయ్యారున ఆరాధనోత్సవమును అప్పటికే విద్వాంసులు రెండు పక్షములై నడపుచుండిరి. పెద్దకట్చి, చిన్నకట్చి యని వానికి పేళ్లు. ఈ రెండు కట్చులును ఒక్క విషయమున మాత్రము ఏకాభిప్రాయము గలవి: స్త్రీలు సమాధియొద్ద పాడరాదు. మందిరము కట్టించిన యామెకు ఆ మందిరమున పాడుట కధికారము లేదు! నాగరత్నమ్మగారు కలహింపలేదు, వెనుకకును పోలేదు. 1927 మొదలు స్త్రీలను, అందును ముఖ్యముగా దేవదాసీలను కూర్చుకొని, సమాధివెనుక తమ యారాధనమును తామే జరిపిరి. జనులు దానికి ఆడువారి కట్చి యని పేరు పెట్టిరి. ముందువైపున మగవారి పాట, వెనుకవైపున ఆడువారి పాట – ఇట్లు పదుమూడు పదునాలుగేండ్లు నడచినది. త్యాగరాజస్వామివారి అష్టోత్తరశతనామావళిని ఆమె కూర్చినదియు పూజకొరకే. 1940లో పక్షములన్నియు నొకటిగా గలిసి త్యాగబ్రహ్మ మహోత్సవసభ యేర్పడినది; 1941 నుండి ఆరాధన ఒక్కటిగా జరుగుచున్నది. స్త్రీలకు పాడు నధికారము ఆ రాజీలో దొరికినది.

ఈ మందిరమును కళామందిరమనుట నా యతిశయోక్తి కాదు. సభలలో టిక్కెట్టు కొనలేని పల్లెవాడు ఏటిగట్టున గూర్చుండి గొప్ప విద్వాంసుల గానమును వినుటకు తగిన చోటు ఇంతకన్న వేరు లేదు. పుష్యబహుళ పంచమినాడు అచ్చట నోరెత్తిన వేలమందిలో తెలుగు చదువ నేర్చినవారు బహుకొద్ది. కృతులను తమిళ లిపిలో వ్రాసికొని పాడుదురు. ఆ లిపిలో క, గ లకు నొకటే యక్షరము. ప, భ లకు నొకటే. ‘భక్తి’ యన్నను ‘పక్తి’ యన్నను వ్రాత యొకటే. గురుముఖమున నేర్చినవాడు సరిగా పలుకును. చూచి నేర్చినవాడు పొరబడును. మా పాఠశాలలో సంగీతము నేర్చు పిల్లలు, తెలుగింటి పిల్లలే, ఒక పర్యాయము తమిళాక్షరములలో వ్రాసికొన్న కాగితము తెచ్చి అర్థము చెప్పుమని యడిగిరి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత తమిళము అందరికిని మొదటి భాష యైనది, తెలుగు ఐచ్ఛికమైనది. తమిళము నేర్చుట మేలే. ఈ నేలమీద బ్రదుకువారికది యవసరమును. కాని ఆ కాగితమును తిరిగి తెలుగక్షరములలో వ్రాసి యిచ్చుటకు నా కొక సాయంకాలము పట్టినది. వేంకటరమణ భాగవతులు వాలాజాపేటలో చేసిన పనియు నిట్టిదే గదా యని యప్పుడు తోచినది.

రాధికాసాంత్వనముమీది నిషేధము మూడు పదులయేండ్లు దాటి నిలిచినది. టంగుటూరి ప్రకాశంపంతులుగారు చెన్నరాజధానికి ప్రధానిగా నున్న 1946–47లో ఆయన పూనికతో అది తొలగెను. ఆ 1947లోనే దేవదాసీలను దేవాలయములకు సమర్పించుటను మాన్పు చట్టమును ఈ రాజధానిలో వెలసినది. దేవదాసి రచించిన గ్రంథమునకు విడుదలయు, దేవదాసి వ్యవస్థకు ముగింపును ఒకమారే వచ్చినవి. ఆ చట్టము న్యాయమైనదే. కాని సంగీతము, నాట్యము, తెలుగు పద్యము తరతరములుగా నేర్చి నిలిపిన ఇండ్ల విద్య ఏమగునో నాడు విచారించినవారు కొలదిమంది.

నాగరత్నమ్మగారు తిరువయ్యారున నివాసమేర్పరచుకొనిరి. 1949లో మరణశాసనము వ్రాసి, తమ యాస్తిని సమాధిపూజకై ధర్మకర్తలకు అప్పగించిరి. అందొక నిబంధన చేర్చిరి: దేవదాసికులపు స్త్రీలతోసహా స్త్రీలు మందిరమున సేవ చేయుటకు ఎవరును అడ్డు చెప్పరాదు. చెన్నపురిలో వావిళ్లవారు రాధికాసాంత్వనమును ఆమె పీఠికతో మరల అచ్చొత్తించినది 1952లో. ఆ యేడు మే 19వ తేదీన ఆమె తిరువయ్యారున గతించిరి. వేంకటేశ్వరశాస్త్రులవారు 1956లో, రాష్ట్రములు భాషలనుబట్టి యేర్పడిన సంవత్సరమున, లోకము వీడిరి. ఆయన తండ్రి నెలకొల్పిన సంస్థ అప్పటికి నూరేండ్లు దాటినది.

మన సంఘమువారు ఎప్పుడైన తిరువయ్యారు యాత్ర చేసినచో, త్యాగరాజస్వామి మందిరమున మ్రొక్కి వెలుపలికి వచ్చునపుడు ఎదురుగా చూడవలెను. నాగరత్నమ్మగారి సమాధి, దానియందామె విగ్రహము, స్వామి కభిముఖముగా నున్నవి. ఆ విగ్రహమునకు దాపుననే, ఒకప్పుడామె లోపల పాడరాదన్న మందిరమునందు, ఆరాధన దినములలో ఆడువారి గొంతులు మగవారి గొంతులతో గలిసి వినవచ్చును.